ఒక లేబులు ఎక్కువ

డెబ్భై రెండేళ్ళ ముసలాయన రక్తపరీక్షల ల్యాబు గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చేతిలోని రిపోర్టును కౌంటరు మీద పరిచి, వేలితో ఒక వరుస చూపించి, "అమ్మాయ్, ఎన్నో నెలో కూడా రాసిపెడితే ఇంట్లో చెప్పుకుంటాను" అన్నాడు.

కంప్యూటరు ముందు కూర్చున్న పాతికేళ్ళ పిల్ల ఆ కాగితం చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెను అక్కడ అందరూ తుర్రుపిట్ట అంటారు. గడియారంలో ఆరు కావడమూ, ఆమె భుజానికి బ్యాగు ఎక్కడమూ ఒక్కసారే జరుగుతాయి. వంతు కోసం బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి ద్వారా ఒకరు సంగతి తెలుసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ముసలాయన కూడా నవ్వాడు.

"మా ఆవిడ మాత్రం నవ్వడం లేదమ్మా. ఈ వయసులో ఇవేం పనులని మొహం మాడ్చుకుని కూర్చుంది."

నవ్వనివాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు లోపలి గది గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ, ఆ ల్యాబు ఆమెదే. రెండో మనిషి అద్దం వెనక స్టూలు మీద ఉన్న లేబులమ్మ. యాభై దాటిన ఆమె ఆరేళ్ళపాటు ఇదే నేల తుడిచి, అక్షరాలు నేర్చుకున్నాక ఈ స్టూలు ఎక్కింది. తెల్లకోటు కూడా అప్పుడే వచ్చింది.

చూడటానికి ఆమె పని చిన్నదే. బయట తుర్రుపిట్ట పేరు కొట్టి మీట నొక్కితే, లోపల ఆమె పక్కనున్న చిన్న ప్రింటరు గుర్రుమని బొటనవేలంత లేబులును బయటికి తోస్తుంది. కాంపౌండరు రక్తం తీసి ట్యూబును స్టాండులో వరుసగా గుచ్చుతాడు. ట్యూబు పక్కన ఒక చీటీ ఉంటుంది. ఏ పరీక్ష చేయాలో ఆ చీటీ చెబుతుంది, రక్తం ఎవరిదో లేబులు చెబుతుంది. మొదటి ట్యూబుకు మొదటి లేబులు, రెండో ట్యూబుకు రెండోది. లేబులమ్మ గోటితో అంచు లేపి, గాలి బుడగ లేకుండా చుట్టి, బొటనవేలితో ఒకసారి నిమిరి వదులుతుంది.

నిన్న ఉదయం ఆ వరుస ఎక్కడో ఒక అడుగు జరిగింది. ఒక గర్భిణి ట్యూబు మీద ముసలాయన పేరు ఎక్కింది. ముసలాయన ట్యూబు మీద ఇంకెవరి పేరో ఎక్కింది.

డాక్టరమ్మ ముసలాయనకు క్షమాపణ చెప్పి కూర్చోబెట్టి, లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"నిన్న పొద్దున్న ట్యూబులు మీరేగా అంటించింది?"

"నేనేనమ్మా."

"పేరు చదివే అంటించారా?"

"చదివే అంటించానమ్మా."

అది నిజం కాదని లేబులమ్మకు తెలుసు. ఆమె చదవలేదు. ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ కూర్చుంటే స్టాండు నిండిపోతుంది, కాంపౌండరు వేళ్ళతో బల్ల వాయిస్తాడు. అందుకే ఈ మధ్య కళ్ళు లేబులు మీద ఉంచి, చెయ్యిని మాత్రం వరుసకు వదిలేస్తోంది. నిన్న పదకొండు ట్యూబులయ్యాక ఒక లేబులు మిగిలింది. రెండుసార్లు వచ్చిందేమో అనుకుని ఉండచుట్టి బుట్టలో వేసింది. ఆ మిగిలినదాన్ని చదివి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

పదకొండు మందికీ ఫోన్లు చేసి మళ్ళీ రక్తం తీయాల్సి వచ్చింది. సూది అంటే భయపడే ఒకామె తుర్రుపిట్టను నానా మాటలూ అంది. తుర్రుపిట్ట అన్నీ విని, ఫోను పెట్టేసి, అద్దంలోంచి లేబులమ్మ వైపు చూసింది.

*

ఆదివారం సెలవు గడిచాక, సోమవారం పొద్దున్న మొదటి పేరు కొట్టకముందే కంప్యూటరు మెకానిక్కు వచ్చాడు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, టీ గ్లాసు కీబోర్డు పక్కన పెట్టబోతే డాక్టరమ్మ చూసిన చూపుకు దాన్ని నేలమీద పెట్టుకున్నాడు. లేబుళ్ళ కొత్త ప్రోగ్రాం నాలుగు రోజుల క్రితం వేసింది అతనే.

"ఆపి మళ్ళీ వేసి చూశారా?"

"రోజూ సాయంత్రం ఆపుతూనే ఉన్నాం, రోజూ పొద్దున్న వేస్తూనే ఉన్నాం" అంది తుర్రుపిట్ట. "ఇంకెన్నిసార్లు ఆపాలి?"

అతను నవ్వి రీస్టార్ట్ కొట్టాడు. పది పేర్లు కొట్టి పది లేబుళ్ళు తీశాడు. పదీ సరిగ్గా వచ్చాయి. మళ్ళీ రీస్టార్ట్ చేసి ఇంకో పది తీశాడు. అవీ బాగానే ఉన్నాయి.

"మెషిన్లో దెయ్యాలేం లేవు మేడమ్" అన్నాడు లేచి ప్యాంటు దులుపుకుంటూ. "మనుషుల్లో ఎవరన్నా ఉన్నారేమో చూసుకోండి."

సరదాకే అన్నాడు గానీ ఆ మాట ఆ గదిలోనే ఉండిపోయింది.

సాయంత్రం కంప్యూటరు ఆపడం ఇద్దరూ ఒకరోజు విడిచి ఒకరోజు చేస్తారు. ఆ సాయంత్రం తుర్రుపిట్ట వంతు. మర్నాడు లేబులమ్మ మొదటి లేబులు దగ్గర్నుంచి ప్రతిదాన్నీ పెదవులు కదుపుతూ చదివింది. కాంపౌండరు బల్ల వాయించాడు. "వాయించు నాయనా, తబలా కొనిస్తాను" అంది ఆమె తలెత్తకుండానే. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె వంతు. కంప్యూటరు ఆపడమంటే ఆమెకు ఒక పద్ధతి ఉంది. ప్లగ్గు పైన గోడమీద డాక్టరమ్మ పెద్ద అక్షరాలతో రాసి అంటించిన కాగితం ఉంటుంది. షట్‌డౌన్ నొక్కాలి, తెర నల్లబడి డబ్బా మీద దీపం ఆరేవరకూ ఆగాలి, ఆ తర్వాతే స్విచ్చి ఆపాలి, వైరు ఎప్పుడూ లాగరాదు. పోయినేడు ఎవరో వైరు లాగి ఒక కంప్యూటరును పాడుచేశాక వచ్చిన కాగితం అది. లేబులమ్మ దీపం ఆరాక కూడా పది అంకెలు లెక్కపెట్టి స్విచ్చి నొక్కుతుంది. తర్వాత ప్రింటరు మూతి దగ్గర ఏమన్నా మిగిలిందేమోనని వేలుపెట్టి తడుముతుంది. ఆ రోజు రెండుసార్లు తడిమింది.

మర్నాడు పొద్దున్న తుర్రుపిట్ట మొదటి పేరు కొట్టగానే ప్రింటరు రెండు లేబుళ్ళు తోసింది. ముందొచ్చినదాన్ని లేబులమ్మ చదివింది. నిన్న సాయంత్రం ఆఖరున వచ్చిన బడిపంతులుది. రెండోది ఎదురుగా కూర్చున్న మనిషిది.

ఆమె లేచి వెళ్ళి దాన్ని తుర్రుపిట్ట కళ్ళ ముందు ఆడించింది. "ఇది నిన్నటిది."

"నిన్న చింపకుండా వదిలేసి ఉంటావు పిన్నీ."

"చింపాను. తడిమి చూశాను."

"అయితే నాకేం తెలుసు? నేను ఒక్క పేరే కొట్టాను."

ఆ 'నాకేం తెలుసు' అనడంలో తొందర లేబులమ్మకు నచ్చలేదు. స్టూలు మీదికి వచ్చి కూర్చుని ఆలోచించింది. పొద్దున్నే తాళం తీసేది ఈ పిల్ల. కంప్యూటరు వేసేదీ ఈ పిల్లే. నిన్నటి ఆఖరి పేరు మీద ఒక్క నొక్కు నొక్కితే పాత లేబులు మళ్ళీ వస్తుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కొత్త పేరు కొట్టవచ్చు. ఎందుకు చేస్తుంది? ఆమె పిన్ని కూతురు ఒకతి ల్యాబు కోర్సు చదివి ఇంట్లో ఖాళీగా ఉంది. ఆ మాట తుర్రుపిట్టే రెండుమూడుసార్లు చెప్పింది. ల్యాబులో ఉన్న స్టూలు ఇదొక్కటే.

ఆ ఆలోచన ఒకసారి వచ్చాక ఇక అన్నీ దానికే సాక్ష్యం చెప్పాయి. తుర్రుపిట్ట ఫోనులో గుసగుసలాడితే అదే. అద్దంలోంచి ఇటు చూస్తే అదే. చూడకపోయినా అదే.

*

"నువ్వు తినేది అన్నమా, ఆలోచనా?" అంది అత్తగారు.

ఇంట్లో వాళ్ళిద్దరే ఉంటారు. అత్తగారికి ఎనభై దాటాయి. చూపు మందగించినా అనుమానం మందగించలేదు. తన పడక్కుర్చీని పక్కింటామె రోజుకో అంగుళం జరుపుతోందని ఆవిడ నమ్మకం. దాని నాలుగు కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీయించుకుంది.

లేబులమ్మ సంగతంతా చెప్పింది.

"కాపలా కాయి" అంది అత్తగారు వెంటనే, వయసు సగం తగ్గినట్టుగా. "చూడందే ఎలా తెలుస్తుంది? నా కుర్చీకి గీత గీసుకోలా?"

"కుర్చీ జరిగిందా అత్తయ్యా?"

"ఇంకా లేదు. గీత చూసి భయపడింది."

మర్నాడు లేబుళ్ళు సరిగ్గానే వచ్చాయి. ముందురోజు సాయంత్రం ఆపింది తుర్రుపిట్ట. ఆ సాయంత్రం మళ్ళీ లేబులమ్మ వంతు వచ్చింది, ఆమె పది కాదు, ఇరవై లెక్కపెట్టింది. తెల్లారి శుక్రవారం డాక్టరమ్మ స్వయంగా వచ్చి ప్రింటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. తుర్రుపిట్ట పేరు కొట్టింది. రెండు లేబుళ్ళు వచ్చాయి. మొదటిది నిన్నటిది.

"నిన్న ఆపింది ఎవరు?"

కాంపౌండరు దూది సర్దుకున్నాడు.

"నేనేనమ్మా" అంది లేబులమ్మ.

"మొన్న వచ్చినప్పుడు?"

"అప్పుడు కూడా పిన్నే" అంది తుర్రుపిట్ట. అడగకుండానే అంది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "చూడండి, నేను రక్తాలతో ఆడుకోలేను. ఆపేటప్పుడు మీకు తెలియక ఏదన్నా నొక్కుతున్నారేమో. ఇంకోసారి ఇలా వస్తే మిమ్మల్ని పాత పనికి పంపించి, ఇక్కడ చదువుకున్న మనిషిని పెట్టుకుంటాను. కోపం తెచ్చుకోకండి."

పాత పని అంటే బకెట్టు, తుడుపుకర్ర. పనికి ఆమెకు సిగ్గు లేదు, ఇంట్లో ఇప్పటికీ అదే చేస్తుంది. 'చదువుకున్న మనిషి' అన్న మాటే చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఆ సాయంత్రం ఆరింటికి ఐదు నిమిషాలు ముందే కోటు విప్పి, తలనొప్పి అని చెప్పి బయటికొచ్చింది. ఎదురు వరుసలో చెప్పులు కుట్టే కొట్టు ఉంది. తెగని చెప్పు తీసి అతని ముందు పెట్టింది.

"ఇది బాగానే ఉందిగా అమ్మా?"

"ఉంటే ఉండనీ. ఒక కుట్టు వెయ్యి."

గాజు తలుపులోంచి ల్యాబు అంతా దీపాల వెలుతుర్లో కనిపిస్తోంది. డాక్టరమ్మ లోపలి గదిలో ఉంది. కాంపౌండరు వెళ్ళిపోయాడు. తుర్రుపిట్ట జుట్టు సవరించుకుంది, బ్యాగు భుజాన వేసుకుంది. తెర మీద ఇంకా ఏవో వరుసలు వెలుగుతూనే ఉన్నాయి. ఆమె మౌసు ముట్టలేదు. ఏమీ నొక్కలేదు. అలా వంగి, కుర్చీ వెనక చెయ్యిపెట్టి, కలుపుమొక్క పీకినట్టు గోడలోంచి వైరు పీకింది. తెర టప్పున ఆరిపోయింది. ఆమె తలుపు దాటేసరికి వైరు కొస ఇంకా నేలమీద ఊగుతోంది.

చెప్పులాయన కుట్టు పూర్తి చేసి ఇచ్చాడు. ఆనందంలో లేబులమ్మ ఆ చెప్పును మార్చి రెండో కాలికి వేసుకోబోయింది.

*

శనివారం, లేబులమ్మ చూసిందంతా చెప్పగానే, డాక్టరమ్మ తుర్రుపిట్టను లోపలికి పిలిచింది. తలుపు మూసి ఉన్నా మాటలు బయటికి వినబడ్డాయి.

"గోడమీద అంత పెద్ద అక్షరాలు కనబడలేదా?"

"ఆగిపోతుంది కదా మేడమ్, ఎలా ఆపితే ఏంటి? మూడు నిమిషాలు దాని మొహం చూస్తూ ఎవరు కూర్చుంటారు?"

"అందుకే ఇది ఇలా తయారయింది."

"నేను ఆపిన మర్నాడు బాగానే ఉంటోంది మేడమ్! పిన్ని ఆపినప్పుడే…"

"ఇక నువ్వు ఆపక్కర్లేదు. రోజూ ఆవిడే ఆపుతుంది. వారం చూస్తాను. వారమంతా బాగుంటే, కంప్యూటరును పాడుచేసే మనిషి నాకు అక్కర్లేదు. ఇంకోచోటు చూసుకో."

తుర్రుపిట్ట బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. ముక్కు ఎర్రబడి ఉంది. వరుసలో ముందున్న మనిషి పేరు అడిగి రాసుకుంది, మళ్ళీ అడిగింది, అయినా తప్పు కొట్టింది.

సోమవారం పొద్దున్న లేబులమ్మ అందరికంటే ముందు స్టూలు ఎక్కింది. శనివారం తనే ఆపింది, కాగితంలో రాసినట్టు పొల్లుపోకుండా ఆపింది. మొదటి పేరు కొట్టారు. ప్రింటరు గుర్రుమంది. రెండు లేబుళ్ళు వచ్చాయి.

ముందుది శనివారంది.

ఆమె అద్దంలోంచి చూసింది. తుర్రుపిట్ట రెండు చేతులూ బల్లమీదే ఉన్నాయి. ఆమె వెనకే డాక్టరమ్మ నిలబడి తెర చూస్తోంది. ఈసారి ఆ పిల్ల దొంగచాటుగా నొక్కే వీలే లేదు.

"సరిగ్గా వచ్చిందా?" అంది డాక్టరమ్మ అక్కణ్ణుంచే.

లేబులమ్మ వేళ్ళు ఆమెను అడక్కుండానే కదిలాయి. పాత లేబులును చింపి కోటు జేబులో వేసుకున్నాయి.

"వచ్చిందమ్మా."

"చూశావా మరి" అంది డాక్టరమ్మ తుర్రుపిట్టతో.

మంగళవారమూ అంతే. జేబులో రెండో లేబులు చేరింది. ట్యూబుల్లో తప్పు లేదు, తను ప్రతి పేరూ చదువుతోంది, ఎవరికీ నష్టం లేదు అని తనకు తానే చెప్పుకుంది. ఎన్నిసార్లు చెప్పుకున్నా అది వేరే ఎవరో తనకు చెబుతున్నట్టే ఉంది.

బుధవారం అత్తగారి కళ్ళజోడు కనిపించక పది నిమిషాలు ఆలస్యమైంది. చివరికి అది ఆవిడ నెత్తిమీదే దొరికింది. లేబులమ్మ పరుగున వచ్చేసరికి తుర్రుపిట్ట ఆమె స్టూలు మీద కూర్చుని, గోటితో లేబులు అంచు లేపుతోంది. ట్యూబు మరో చేతిలో ఉంది.

"ఆగు!" లేబులమ్మ లేబుళ్ళ పట్టీని ఆమె చేతిలోంచి లాగేసుకుంది.

"ఎందుకలా లాక్కుంటావు? నువ్వు రాలేదు, జనం ఎక్కువైపోయారు, ఒకటి అంటిద్దామని…"

"నా పని నేను చేసుకుంటాను. నువ్వు లే."

తుర్రుపిట్ట లేచింది గానీ వెళ్ళలేదు. లేబులమ్మ పెదవులు కదుపుతూ ముందున్న లేబులు చదవడం, దాన్ని మాత్రం అంటించకుండా జేబులో దోపుకోవడం చూసింది.

"అదేంటి పిన్నీ జేబులో పెట్టావు?"

"పాడైంది."

"ఏది, చూపించు."

"నీకెందుకే? నీ కుర్చీ చూసుకో ముందు, ఉన్నన్నాళ్ళు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. తుర్రుపిట్ట ముఖం పాలిపోయింది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆ రోజంతా ఆమె కళ్ళు కోటు జేబు మీదే ఉన్నాయి. బయట కూర్చున్న మనిషి లోపలి మనిషిని అనుమానిస్తోంది. లోపలి మనిషి, గత వారం రోజుల్లో మొదటిసారి, బయటి మనిషిని అనుమానించడం లేదు.

ఇంటికొచ్చి కోటు ఉతకబోతే మూడు లేబుళ్ళూ జేబు లోపలి బట్టకు అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో గీకుతూ కూర్చుంది.

"ఏమిటే ఆ గీకుడు?" అంది అత్తగారు.

"పాత లేబుళ్ళు అత్తయ్యా."

"పాతవైతే బుట్టలో వెయ్యాలి గాని జేబులో దాచుకుంటారా? ఎవరివి?"

"ఎవరివో."

"దొంగిలించావా?"

"లేదు."

"మరి తల దించుకుంటావేం?"

ఆవిడ ఊరికే అంది. అందరినీ అలాగే అంటుంది, పాలవాణ్ణి కూడా. కానీ లేబులమ్మ చెయ్యి ఆగిపోయింది. తను ఆపిన రోజు మర్నాడు తప్పు వస్తోంది. ఆ పిల్ల వైరు పీకిన మర్నాడు రావడం లేదు. ఆ మాట ఆ పిల్ల తలుపు వెనక అరిచి చెప్పింది కూడా. చెడ్డగా ఆపితే మంచిగా లేస్తుందా, మంచిగా ఆపితే చెడ్డగా లేస్తుందా? ఇదెక్కడి వింత?

*

గురువారం పొద్దున్న జేబులో నాలుగో లేబులు చేరింది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె కంప్యూటరు ముందు నిలబడింది. డాక్టరమ్మ లోపల ఫోనులో మాట్లాడుతోంది. గోడమీది కాగితాన్ని ఒకసారి పూర్తిగా చదివింది. చదువుతున్నప్పుడు పెదవులు కదిపింది. తర్వాత వంగి వైరు పట్టుకుంది. ఈ పని చేసిందనే ఒక పిల్ల ఉద్యోగం మీదికి తెచ్చింది తను. కళ్ళు మూసుకుని పీకింది.

శుక్రవారం పొద్దున్న ప్రింటరు ఒక్కటే లేబులు తోసింది. ఆ రోజు పేరే. ఆమె ప్రింటరు మూతిని తడిమింది. వంగి లోపలికి చూసింది. ఇంకేం లేదు.

"ఏం పిన్నీ, ఇవాళ జేబులోకి ఏం రాలేదా?" అంది తుర్రుపిట్ట అద్దం అవతల నుంచి.

సాయంత్రం కాగితంలో ఉన్నట్టు ఆపింది. శనివారం పొద్దున్న రెండు లేబుళ్ళు వచ్చాయి, ముందుది నిన్నటిది. ఆమె దాన్ని జేబులో వేసుకోలేదు. బల్ల అంచుకు అంటించి, ఆ పూట ట్యూబులన్నీ పూర్తిచేసి, బల్ల మీది లేబులునూ, కోటులోంచి గీకి తీసి కాగితానికి అంటించి తెచ్చిన ముందటి నాలుగింటినీ పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. వారం గడువు ఆ రోజుతో తీరుతుంది.

"ఇవేంటి?"

"ఈ వారం వచ్చినవమ్మా. సోమ, మంగళ, బుధ, గురు, ఇవాళ. నిన్న రాలేదు. మొన్న సాయంత్రం నేను వైరు పీకాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "మీరా?"

"నేనే. మంచిగా ఆపితే వస్తోంది. పీకేస్తే రావడం లేదు. ఎందుకో నాకు తెలియదు. ఆ పిల్ల ఏమీ చేయలేదు. దాని బద్ధకం వల్ల దాని వంతు రోజుల్లో అందరూ బతికిపోయారు." లేబుళ్ళను ఆమె ముందు పెట్టింది. "ఇంకోటి. ఆ మొదటి రోజు నేను పేర్లు చదవలేదు. చదివానని మీతో అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ ఐదు లేబుళ్ళనూ ఒకటొకటిగా చూసింది. వెంటనే మెకానిక్కుకు ఫోను చేసింది. అతను వచ్చి సంగతి విని నెత్తిమీది కళ్ళజోడు కళ్ళకు పెట్టుకున్నాడు, చాలాసేపు మీటలు నొక్కాడు.

"దొరికింది మేడమ్. షట్‌డౌన్ అంటే ఇది పూర్తిగా ఆగదు. తెల్లారి తొందరగా లేవాలని లోపలి సంగతులు కొన్ని అలాగే దాచిపెట్టుకుని పడుకుంటుంది. కొత్త ప్రోగ్రాం ఆఖరి లేబులును గుర్తుపెట్టుకుంటుంది, రాత్రంతా దాన్ని కూడా దాచుకుంటుంది. లేవగానే ముందు దాన్ని కక్కుతుంది. వైరు పీకితే దాచుకునే వ్యవధి ఉండదు. రీస్టార్ట్ కొట్టినా అంతే, అన్నీ వదిలించుకుని కొత్తగా లేస్తుంది. అందుకే నేను చూసినప్పుడల్లా బాగుంది."

"ఆపి మళ్ళీ వేయడమూ రీస్టార్టూ ఒకటే కాదా?" అంది డాక్టరమ్మ.

"అందరూ ఒకటే అనుకుంటారు మేడమ్. నేను కూడా అడగాల్సింది, ఎలా ఆపుతున్నారని."

దాచుకుని పడుకునే ఆ అలవాటును తీసేశాడు. ఎందుకైనా మంచిది, ప్రోగ్రాం సరిచేసేదాకా పొద్దున్నే ఒకసారి రీస్టార్ట్ కొట్టమని చెప్పి వెళ్ళాడు.

తుర్రుపిట్ట గుమ్మంలోనే నిలబడి అంతా వింది. డాక్టరమ్మ ఆమెతో, "నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వైరు మాత్రం ముట్టుకోకు" అంది. తర్వాత లేబులమ్మ వైపు తిరిగింది.

"మెషిను తప్పు మెషినుది. జేబులో దాచిన నాలుగూ మాత్రం మీవి. ఒక్క రోజు మీరు రాకపోయి ఉంటే?"

"బుధవారం కొంచెంలో తప్పిందమ్మా."

"సోమవారం నుంచి మీరు అంటించవద్దు."

లేబులమ్మ తలూపింది. కోటు గుండీ ఒకటి విప్పింది.

"కోటు ఉంచుకోండి. ప్రింటరు కౌంటరు మీదికి వస్తుంది. లేబులు మీరు చదవాలి, గట్టిగా, ఆ మనిషికి వినబడేట్టు. నాదే అని వాళ్ళు అన్నాక, రక్తం తీయకముందే ట్యూబుకు ఆ అమ్మాయి అంటిస్తుంది. వరుసను నమ్ముకుని ఇన్నాళ్ళు నేనూ తప్పే చేశాను."

గదిలోంచి బయటికొచ్చాక తుర్రుపిట్ట దారికి అడ్డంగా నిలబడింది.

"ఆ రోజు బయట నిలబడి నన్ను చూశావా?"

"చూశాను."

"ఎందుకు?"

"నా స్టూలు మీ పిన్ని కూతురికి ఇప్పించాలని చూస్తున్నావనుకున్నాను."

"దానికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి పిన్నీ! అందుకే ఇంట్లో కూర్చుంది!" అని అరిచి, నవ్వబోయి, నవ్వకుండా ఆపుకుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటికి ఆరు కాలేదు.

*

సోమవారం జనం ఎక్కువగా ఉన్నారు. కౌంటరు వెనక ఇద్దరికీ చోటు ఇరుకైంది, మోచేతులు తగులుతున్నాయి. తుర్రుపిట్ట రీస్టార్ట్ కొట్టి, తెర వెలిగేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. పక్కకు చూడలేదు.

మొదటి పేరు కొట్టింది. ఒక్క లేబులే వచ్చింది. లేబులమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుంది. పొడుగు పేరు, ఇంటిపేరుతో కలిపి నాలుగు ముక్కలు. ఇంతకాలం పెదవుల మధ్యే ఉన్న చదువు ఇప్పుడు ఇరవై మంది చెవుల్లో పడాలి. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండో ముక్క దగ్గర ఆగిపోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది.

"చదువుతోందా, కూడబలుక్కుంటోందా?" అన్నారు వెనక బల్లమీంచి ఎవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

తుర్రుపిట్టకు ఆ పేరు తెలుసు, తనే కొట్టింది. అందించవచ్చు. అందించలేదు. ఖాళీ ట్యూబు చేతిలో పట్టుకుని, "ఆగండి. ఆవిడ చదవాలి" అంది, ఎవరి వైపూ చూడకుండా.

లేబులమ్మ నాలుగు ముక్కలూ చదివింది.

"నేనే" అన్నాడు ఎదురుగా నిలబడ్డ మనిషి.

ఆమె లేబులు అందించింది. తుర్రుపిట్ట వెంటనే అంటించలేదు. దాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తను కూడా చదువుకుంది.

"చూసుకో" అంది లేబులమ్మ.

"చూసుకుంటున్నా" అంది తుర్రుపిట్ట.

చూసుకుని, గోటితో అంచు లేపి, ట్యూబుకు చుట్టి, తర్వాతి పేరు అడిగింది.